లిఫ్టు మావయ్య తప్పులు

తప్పు లేకుండా ఒక్క ప్రోగ్రామైనా రాయలేని మనిషి ఎవరని ఆ కంప్యూటర్ క్లబ్బులో అడిగితే, గోడలు కూడా లిఫ్టు మావయ్య పేరే చెప్పేవి. ఆరు లైన్లు రాసినా ఒక తప్పు, అరవై లైన్లు రాసినా ఒక తప్పు. అదీ మూల నక్కి కూర్చునే తప్పు కాదు, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే తప్పు.

విడ్డూరం ఏమిటంటే, ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా మూడుసార్లు కొలిచేవారు. టీ పోస్తే ఆరు కప్పుల్లోనూ గీత గీసినట్టు ఒకే ఎత్తు. అలాంటి మనిషి కీబోర్డు ముందుకొచ్చేసరికి ఏమైపోయేవారో ఆయన మేనకోడలికి బొత్తిగా అర్థమయ్యేది కాదు.

క్లబ్బంటే సైకిల్ షాపు మీది గది. ఇంటికో కంప్యూటరు లేని రోజులవి. ఆ గదిలో ఎనిమిది ఉండేవి. ఆరు పనిచేసేవి, ఒకటి బుద్ధి పుడితే పనిచేసేది, ఎనిమిదో దాని మీద గొడుగులు పెట్టుకునేవాళ్ళు. పాఠాలు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎవరు రాసిన చిన్న ప్రోగ్రాం వాళ్ళు, ఏ కంప్యూటర్లోంచైనా తెరవగలిగే ‘అందరి పెట్టె’లో పెట్టేవాళ్ళు. మిగతావాళ్ళు దాన్ని తెరిచి, ఓ అంకె మార్చి, ఓ రంగు మార్చి, ఏమవుతుందో చూసి నవ్వుకుంటూ నేర్చుకునేవాళ్ళు. అదే చదువు. ప్రోగ్రాం పైన రాసినవాళ్ళ పేరు, దాని కింద సరిదిద్దినవాళ్ళ పేరు ఉండేవి. ఆ రెండో వరసలో పేరు చూసుకోవడానికి జనం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చేవాళ్ళు. అంత సంతోషం ఇప్పుడు ఎంత పెద్ద కంప్యూటరు కొన్నా రాదని మేనకోడలు ఈనాటికీ అంటుంది.

పెట్టెలో మావయ్యవి నలభై మూడు ప్రోగ్రాములు. ఆయన గడియారం యాభై తొమ్మిది తర్వాత అరవై, అరవై ఒకటి అంటూ దర్జాగా సాగిపోయేది. ఆయన బంతి గోడకి తగిలి వెనక్కి రావాల్సింది పోయి, గోడలో దూరి మళ్ళీ కనిపించేది కాదు. పోనీ లిఫ్టు బొమ్మయినా సరిగ్గా ఉంటుందా అంటే, ఐదంతస్తుల మేడలో అది పదో అంతస్తుకి బయల్దేరేది.

“మావయ్యగారూ, మీ లిఫ్టు మేడ దాటి ఆకాశంలోకి పోతోందండీ!”

“అలాగా? కాస్త కిందికి దింపి పుణ్యం కట్టుకోండి.”

ఎవరో దింపేవారు. వారం తిరక్కుండా మావయ్య “ఇంకాస్త మెరుగు చేశానండోయ్” అంటూ అదే ప్రోగ్రాం మళ్ళీ పెట్టేవారు. ఈసారి లిఫ్టు తలుపులు తెరుచుకునేవి కావు.

మేనకోడలు ఆసుపత్రి కౌంటర్లో పనిచేసేది. “నన్నడక్కుండా ఏ మీటా నొక్కకు” అని పై అధికారి మూడేళ్ళు అరిచి అరిచి ఆమె చేతుల్లో ప్రాణం తీసేశాడు. క్లబ్బులో చేరిన కొత్తలో కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చునేది. ఓరోజు మావయ్య పాచిక ప్రోగ్రాం తెరిచింది. మీట నొక్కితే ఏడు పడింది.

“మావయ్యా, పాచికకి ఆరు దాకానే కదా?”

“ఏమోనమ్మా, నువ్వే చూడు. నాకు చత్వారం.”

చూసింది. ఏడు తీసేసి ఆరు పెట్టింది. సాయంత్రానికి రెండో వరసలో ఆమె పేరు వెలిసింది. మర్నాడు కౌంటర్లో ఎవర్నీ అడక్కుండా ఓ మీట నొక్కింది. ఆసుపత్రి కూలిపోలేదు.

క్లబ్బు కార్యదర్శి లెక్కల మాస్టారు. ఆయనకి తప్పంటే ఒంటికి పడదు. ఓ వారం బోర్డు మీద నోటీసు అంటించారు: ‘లిఫ్టు మావయ్యగారు ఇకమీదట పెట్టెలో ఏమీ ఉంచరాదు. ఆదివారం ఓటు.’ పెట్టెలో ఏమీ ఉంచకూడదంటే మావయ్య ఆ గదికి వచ్చీ లాభం లేదు. ఉద్యోగం మానేశాక ఆయన రోజంతా గడిచేది అక్కడే. మేనకోడలు ఊరుకోలేదు. రెండ్రోజులు సెలవు పెట్టి, మెడ పట్టేసేదాకా కూర్చుని నలభై మూడింటినీ కడిగిన ముత్యాల్లా చేసింది. ఆదివారం పొద్దున్నే మావయ్య ఇంటికి పరిగెత్తింది.

“మావయ్యా, ఇక మిమ్మల్ని ఎవరేమంటారో చూస్తాను! అన్నీ బాగుచేసేశాను. పెట్టెలో మీ తప్పు ఒక్కటి లేదు!”

మావయ్య చేతిలో కప్పు దించేశారు. “ఎంత పని చేశావే! అన్నీనా?”

“అన్నీ.”

“కొంప ముంచావు! ఇవాళ నాలుగింటికి క్లబ్బులోకి కొత్తగా దర్జీ వస్తున్నాడు. ఆయనకి ఏం మిగిల్చావే?”

మావయ్య బీరువాలోంచి ఓ నోటుపుస్తకం తీసి ఆమె ముందు పడేశారు. నలభై మూడు ప్రోగ్రాములూ ఒక్క పొల్లు పోకుండా సరిగ్గా రాసి ఉన్నాయి. పక్కన ఎర్ర పెన్సిలు రాతలు. ‘లెక్కల మాస్టారికి పన్నెండో ఎక్కం. సులువు తప్పయితే ముట్టుకోరు, కాస్త లోతుగా పెట్టాలి.’ ఇంకో పేజీలో ‘మేనకోడలికి పాచిక. అంకెలంటే భయం లేదు, మీటలంటే భయం. ఆరు బదులు ఏడు.’

ఆమె పేజీలు గబగబా తిప్పింది. “కావాలనే చేశారా మావయ్యా?”

“బాగున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారే? దణ్ణం పెట్టి పక్కకి పోతారు. కాస్త వంకరుంటే చెయ్యి ఊరుకోదు. ఈ సంగతి అక్కడ ఎత్తావో, నీతో మాట్లాడను. నేను పెట్టిన తప్పని తెలిస్తే వాళ్ళ సంతోషం సగం చచ్చిపోతుంది.”

“ఓటులో మిమ్మల్ని తీసేస్తే?”

“తీసేస్తే తీసేశారు.”

మూడింటికి సమావేశం మొదలైంది. నోటుపుస్తకం మాట ఎత్తొద్దన్నారు కనక మేనకోడలు వేరే దారి పట్టింది. “ఓటుకి ముందు ఒక్క ప్రశ్న. మీరు మొట్టమొదట సరిదిద్దిన ప్రోగ్రాం ఎవరిదండీ?”

“గడియారం. మావయ్యగారిదే” అంది మందుల షాపావిడ.

“బంతి. అదీ ఆయనదే” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“లిఫ్టు” అన్నాడు సైకిల్ షాపాయన, అదెవరిదో చెప్పాల్సిన పని లేనట్టు.

చివరికి అందరూ లెక్కల మాస్టారి వైపు తిరిగారు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. “పన్నెండో ఎక్కం. మూడు రోజులు పట్టింది. దొరగ్గానే కింద షాపులోంచి మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను.” అని, సీలింగ్ ఫ్యాను వంక తదేకంగా చూస్తున్న పెద్దమనిషి వైపు తిరిగారు. “మావయ్యగారూ, ఇరవై ఎనిమిదేళ్ళలో మీరు బాగుచేసిన లిఫ్టు దారిలో ఎన్నిసార్లు ఆగిందండీ?”

“ఒక్కసారి కూడా ఆగలేదండీ!” అని రోషంగా అనేసి, మావయ్య నాలిక్కరుచుకున్నారు.

గది గొల్లుమంది. లెక్కల మాస్టారు లేచి నోటీసు పీకి జేబులో కుక్కుకున్నారు. అప్పుడు మేనకోడలు గడియారం చూసి కెవ్వుమంది. దర్జీ రావడానికి అరగంటే ఉంది!

మావయ్య కాక అక్కడున్న తొమ్మిదిమందీ, ఉన్న కంప్యూటర్లే పంచుకుని తప్పులు చేయడానికి కూర్చున్నారు. ప్రోగ్రాం రాయడం కంటే అది కష్టమని అప్పుడే తెలిసింది. లెక్కల మాస్టారి తప్పుకి కంప్యూటరు మొత్తం నిలిచిపోయింది.

“ఇది తప్పు కాదండీ, పగ! వెతికినవాడికి దొరకాలి. దొరికాక నవ్వు రావాలి” అంటూ మావయ్య కుర్చీ కుర్చీకీ తిరిగి దిద్దారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు అయ్యేసరికి అందరూ బుద్ధిమంతుల్లా సర్దుకున్నారు. దర్జీ వచ్చి, ముట్టుకుంటే కరుస్తుందేమో అన్నట్టు కంప్యూటరుకి బారెడు దూరంలో కూర్చున్నాడు. మేనకోడలు తను అప్పుడే చెడగొట్టిన చొక్కా బొమ్మ ప్రోగ్రాం తెరిచింది. దర్జీ చూశాడు. మెడ వంచి మళ్ళీ చూశాడు.

“ఏమండీ, ఈ చొక్కాకి మూడు చేతులేంటండీ?”

లెక్కల మాస్టారు జీవితంలో మొదటిసారి అమాయకంగా మొహం పెట్టారు. “మాకు కుట్టుపని తెలీదండీ. మీరే చూసి చెప్పాలి.”

“ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉండి ఏం లాభం?” అని గొణుక్కుంటూ దర్జీ తన చొక్కా చేతులు పైకి మడిచి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.