కంప్యూటర్‌ను శాంత టీచర్ పాడు చెయ్యలే

నిన్న పొద్దుగాల ఆఫీసుకు పోదామని చెప్పులేసుకుంటున్న. రిజ్వానా ఫోన్ చేసింది.

"టీచర్ పోయిన్రు" అన్నది.

ఏ టీచర్ అని నేను అడగలే. మా ఇద్దరికీ టీచర్ అంటే ఒక్కరే. జహీరాబాద్‌ల ఎనిమిది, తొమ్మిది తరగతులల్ల మాకు లెక్కలు చెప్పిన శాంత టీచర్.

ఒక కాలుకు చెప్పుతోనే మెట్ల మీద కూసున్న. పోయిన నెలనే మాట్లాడిన్రు నాతోని. మోకాళ్ల నొప్పులు తప్ప ఏం ఫికర్ లేదన్నరు.

సాయంత్రం న్యాల్‌కల్‌ల, వాళ్ల సొంతూర్ల, మట్టి అయింది. వాపసొస్తూ బస్సుల మా బడి వాట్సాప్ గ్రూప్ తెరిచిన. మా బ్యాచ్ ఒకాయన రాసిండు.

"ఆ కంప్యూటర్ పాడు చేసిన టీచరేనా? ఆర్ఐపీ."

ఏడుపు ఆగిపోయింది. గందుకే ఈ పోస్టు.

నలభై ఏండ్ల సంది ఇదే మాట వింటున్న. ఇయ్యాల నేను చెప్త ఏమైందో. నేను ఆ రూంలనే ఉన్న.

ఎనభైల నడుమ. మా బడికి సర్కారు ఒక కంప్యూటర్ పంపింది. టీవీ లాంటి డబ్బా, ముంగట టైపు మిషన్ లాంటి కీబోర్డు. హెడ్మాస్టర్ సార్ దానికి దండేసిన్రు, గుడ్డ కప్పిన్రు, రూంకు తాళమేసిన్రు.

ఆరు నెలలు మేం కిటికీల కెళ్లి ఆ గుడ్డను చూసినం.

శాంత టీచర్ హైదరాబాద్ పోయి పది దినాల ట్రైనింగ్ తీస్కొని వచ్చిన్రు. వచ్చిన తెల్లారే తాళం చెవి అడిగిన్రు.

"పిల్లలు ముట్టుకుంటే ఖరాబైతది" అన్నరు సార్.

"ముట్టుకోకుంటే అది ఎందుకొచ్చినట్టు సార్?"

రోజూ పోయి అడిగిన్రు. ఎనిమిదో దినం సార్ విసుగొచ్చి చెవి టేబుల్ మీద పడేసిన్రు.

క్లాసుల నలభై మందిమి. కంప్యూటర్ ఒక్కటి. కరెంటు ఎప్పుడుంటదో తెల్వదు. ట్రైనింగ్ పుస్తకంల ఉన్న మార్కుల లెక్కలు టీచర్ పక్కకు పెట్టిన్రు. "మీ ఇంటి ముంగట ఏసే ముగ్గు దీంతోని ఏపియ్యాలె" అన్నరు.

చుక్క యాడ పెట్టాలె, గీత యాడ ఆపాలె, ఎన్నిసార్లు తిప్పాలె, అన్నీ వరుసగ రాయాలె. గదే ప్రోగ్రాం అని చెప్పిన్రు.

రిజ్వానా చెయ్యెత్తింది. "మా ఇంట్ల ముగ్గెయ్యరు టీచర్."

"మెహందీ పెట్టుకుంటవ్ గద. అది రాయి."

రెండు వారాలు తిప్పలు పడి, గుండ్రంగ ఎనిమిది ఆకుల డిజైన్ తెర మీదికి తెచ్చింది రిజ్వానా.

అందరికీ వంతు వస్తలేకుండె. టీచర్ నేల మీద చాక్‌పీసుతోని గళ్లు గీసి, ప్రోగ్రాంల ఒక్కొక్క లైను ఒక్కొక్కరికి ఇచ్చిన్రు. "ఇప్పుడు మీరే కంప్యూటర్" అన్నరు. ఎవరి లైను వాళ్లు చదివి, చెప్పినంత గీసి, చాక్‌పీసు పక్కవాళ్లకు ఇయ్యాలె. తప్పు యాడుందో మేమే దేవులాడుకోవాలె.

ఒకసారి నేను రెండుసార్లు తిప్పేది ఐదుసార్లు తిప్పిన. ముగ్గు పోయి గోడకు తాకింది. టీచర్ నవ్వి నవ్వి కుర్చీల కూలబడ్డరు.

గప్పుడు జిల్లా నుంచి ఒక ఆఫీసర్ వచ్చిండు. ఇక్కడ కంప్యూటర్ వాడుతలేరని ఎవరో చెప్పిన్రట. వేరే బడికి తీస్కపోదామని వచ్చిండు. టీచర్ రిజ్వానాను కూసోబెట్టిన్రు. నాలుగు ఆకులు తెర మీదికి వచ్చినయో లేదో, కరెంటు పోయింది.

ఆఫీసర్ లేవబోయిండు.

"జర కూసోండి సార్, ప్రోగ్రాం అయిపోలే" అన్నరు టీచర్.

మా దిక్కు చూసిన్రు. రిజ్వానా నేల మీద కూసొని మొదటి లైను గీసి చాక్‌పీసు నాకిచ్చింది. నేను గీసి పక్కపిల్లకిచ్చిన. అట్ల పదకొండు మందిమి. ఎనిమిదో ఆకు ఆఫీసర్ బూట్ల దాకా వచ్చింది. ఆయన కాళ్లు వెనక్కి తీస్కున్నడు.

అదే టైముకు కరెంటొచ్చింది. ఓల్టేజీ మస్తు ఎక్కువ. బల్బు పేలింది. కంప్యూటర్ల కెళ్లి కాలిన వాసన వచ్చింది.

స్విచ్చి ఆపలే అంటరు. అవును, ఆపలే. గప్పుడు అందరం నేల దిక్కే చూస్తున్నం, ఆఫీసర్‌తో సహా. స్టెబిలైజర్ కావాలని టీచర్ మూడుసార్లు రాసిచ్చిన్రు. ఆ కాయిదాల గురించి ఎవ్వరు మాట్లాడరు.

టీచర్‌కు మెమో వచ్చింది. తప్పైందని రాసిస్తే వదిలేస్తమన్నరు. ఆమె ఇచ్చిన జవాబు నకలు నేను తర్వాత చూసిన. రెండే ముక్కలు. "పిల్లలకు నేర్పినాను. తప్పు చేయలేదు."

నెల తిరగకముందే రాయికోడ్ దిక్కు ఒక పల్లెకు బదిలీ చేసిన్రు.

బస్టాండ్ల మేమంత ఏడుస్తుంటే టీచర్ కోపం చేసిన్రు. "ఏడుస్తరేంది? చాక్‌పీసులు ఆడ సుత దొరుకుతయి."

ఆ పల్లెల సుత నేల మీద గళ్లు గీసిన్రట.

"మీల ఒక్కరన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయిన్రా?" అని కూడ అడిగిండు గ్రూపులాయన.

కాలే. రిజ్వానాకు కోహీర్‌ల బట్టల దుకాణం. నేను పోస్టాఫీసుల చేస్త. మా ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చిన దినం సార్లందరు వెనక్కి జరిగిన్రు. నేను కుర్చీ గుంజుకొని కూసున్న. స్విచ్చేసిన.

ఆ ధైర్యం ఎవరు నేర్పిన్రో ఇప్పుడు చెప్పు అన్నా.

నీ మెసేజ్ తీసేస్తే తియ్యి. ఉంచుతవా, ఉంచు. దాని కింద ఈ పోస్టు సుత ఉంటది.

శాంత టీచర్, మీ జీవునికి శాంతి కలగాలె. మీరు ఇగ నిమ్మలంగ ఉండున్రి.

మేమైతే ఊకుండం.