నూతి అడుగున నల్లమట్టి

పోతురాజు రోజూ పొద్దున్నే టీ తాగే ముందు ఒక గుక్క నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు అలాగే ఉంచుకుని రుచి చూస్తాడు. ముప్పై ఏళ్లుగా నూతులకి మోటార్లు బిగిస్తున్నవాడి అలవాటు అది. ద్రాక్షారామానికి దిగువనున్న ఆ ఊళ్లో పైన తియ్యటి నీళ్లు, వాటి అడుగున నల్లటి జిగురుమట్టి, ఆ మట్టి కింద ఉప్పునీళ్లు. నూతులు తవ్విన తండ్రి చిట్టియ్య అతనికి గునపం ఇచ్చేముందు చెప్పింది ఒకటే మాట: నల్లమట్టి తగిలితే పైకి వచ్చెయ్యాలి.

వాళ్ల వీధిలో తియ్యటి నుయ్యి ఒక్కటే మిగిలింది. అది పాపాయమ్మగారిది. తొమ్మిదిళ్లవాళ్లు తాగడానికీ వంటకీ అక్కడే చేదుకునేవారు. మొన్న చలికాలంలో ఆమెకి మోకాలి ఆపరేషన్ అయింది. చేదుకోలేక, ఇంట్లోకి కుళాయి పెట్టమని పోతురాజుని పిలిపించింది. పెంకుటింటి మీద ట్యాంకు నిలవదు. అందుకని అతను వరండా మూల ప్రెషర్ ట్యాంకు పెట్టాడు. కుళాయి తిప్పితే ట్యాంకులోని గాలి నీళ్లని తోస్తుంది. ఒత్తిడి తగ్గగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. వీధివాళ్ల కోసం గోడ బయట ఇంకో కుళాయి వేశాడు. గొట్టానికి అడ్డమని గిలక తీసేశాడు.

"ఏరా, తిప్పితే వాన కురిసినట్టు పడుతోందిరా!" అని పాపాయమ్మగారు చిన్నపిల్లలా మురిసిపోయింది.

అయితే గొట్టం ఎంత లోతుకి దించాలో అతను కాలవలు నిండుగా పారుతున్న రోజుల్లో కొలిచాడు. ఏప్రిల్‌లో కాలవలకి నీళ్లు కట్టేశారు. నూతిలో నీళ్లు గొట్టం కిందికి జారిపోయాయి.

"నీ కుళాయి ముసలాడిలా దగ్గుతోందిరా. ఉన్న గిలకా పీకేశావు. నేను నోరు ఎండి చావాలా?" అంది పాపాయమ్మగారు.

"రేపు చూస్తానండి, పిన్నిగారూ."

"రేపేంట్రా? బయట బిందెలు చూడు."

గోడ బయట పదకొండు బిందెలున్నాయి. పోతురాజు నూతిలోకి దిగాడు. గొట్టాన్ని అడుగుకి ఆనించినా మోటారు గాలే పీలుస్తోంది. చిన్న గొయ్యి తీసి అందులో గొట్టం కూర్చోబెడితే నీళ్లు అందుతాయి. తవ్వాడు. గునపం మొనకి నల్లమట్టి అంటుకు వచ్చింది. ఆగాడు.

"అయిందా?" అని పైనుంచి కేక.

"ఆయ్, అయిపోతోందండి" అన్నాడు. జానెడు తవ్వితే ఏమీ కాదులే అనుకున్నాడు.

మూడు రోజులు నీళ్లు బాగా వచ్చాయి. నాలుగోరోజు ఎదురింటి సూరమ్మ పప్పుగిన్నెతో వచ్చి అతని గుమ్మంలో నిలబడింది.

"పొద్దున్ననగా పొయ్యి మీద పెట్టాను అన్నయ్యా, బద్ద ఉడకలేదు. పోన్లే, ఉప్పేసే పని తప్పించావు."

ఆమె నవ్వుతూనే అంది. అతనికి నవ్వు రాలేదు. మళ్లీ నూతిలోకి దిగి, చెరువుగట్టు నుంచి తెచ్చిన జిగురుమట్టితో గొయ్యి పూడ్చాడు. వారం రోజులు నీళ్లు తోడి కాలవలోకి పారబోశాడు. ఉప్పు తగ్గలేదు. జూన్‌లో కాలవలకి నీళ్లొదిలారు, వానలూ పడ్డాయి. నుయ్యి నిండింది గానీ నీళ్లు మళ్లీ తియ్యగా మారలేదు.

ఊరి పక్కన ఉప్పునీళ్లు నింపే రొయ్యల చెరువుల వల్లే నుయ్యి చెడిందని వీధంతా తీర్మానించుకుంది. ఆ చెరువులవాళ్లని తిట్టేటప్పుడు పోతురాజు తల వంచుకుని కూర్చునేవాడు. చివరికి ఒక ఆదివారం పాపాయమ్మగారి వరండాలోకి వెళ్లి ఉన్నమాట చెప్పేశాడు.

"నేనే కదరా తొందరపెట్టాను. ఎవరితోనూ అనకు. రొయ్యలోళ్లనే తిట్టుకోనీ" అందామె.

అతను అక్కణ్ణుంచి తిన్నగా సూరమ్మ ఇంటికి వెళ్లి, ఆమెకీ చెప్పాడు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తరవాత మోటారు పాడైనా ఒక్కరూ అతన్ని పిలవలేదు.

ఆ వీధివాళ్లు ఇప్పుడు ఆటోలో వచ్చే నీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. పోతురాజు కోరుకొండ దగ్గర మెట్టపొలాల్లో బోరు మోటార్లు బిగిస్తున్నాడు. అక్కడే గది తీసుకున్నాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తాడు.