గాలిమోటర్ ఆటలో నేను గెలిచిన రోజు

మా చిన్నప్పుడు... పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం, కట్టంగూరు దగ్గర మా ఊళ్లో మిలిటరీ క్యాంపు ఉండేది. ఒకనాడు పొద్దుగూకే వేళ వాళ్లు బడి గోడకు తెల్లబట్ట కట్టి సినిమా వేశారు. మా ఊరు చూసిన మొదటి సినిమా అదే.

యుద్ధం సినిమా... మాటలన్నీ ఇంగ్లీషు. మా సార్ పక్కన నిలబడి తెలుగులో చెబుతుంటే విన్నాం. గాలిమోటర్లు... అదే, విమానాలు నడిపే ఇద్దరు పడుచువాళ్లు. ఒకడు గొప్పింటి కొడుకు, ఇంకొకడు మోటర్లు బాగుచేసే మిస్త్రీ కొడుకు. దండుకు పెద్ద ఎవరు కావాలన్నదే వాళ్ల పంతం. మబ్బుల్లో ఏమీ కనబడకపోయినా, చప్పుడు విని శత్రువు విమానాన్ని పట్టేస్తాడు మిస్త్రీ కొడుకు... అబ్బ, ఆ సీను నాకూ చంద్రమ్మకూ పిచ్చి పట్టించింది.

చంద్రమ్మ మా ఇంటి వెనక సాలెవాడ పిల్ల. నా ఈడుదే, ఇద్దరాడపిల్లలకూ తొమ్మిదేండ్లుంటాయి. మా నాయిన ఊరికి పటేల్. వాళ్ల బాపు మగ్గం నేస్తాడు. అప్పటికి ఆయన ఊళ్లో లేడు. షోలాపూర్ పోయాడని చంద్రమ్మ వాళ్లమ్మ చెప్పేది. గుట్టల్లో దాగి సర్కారుతో కొట్లాడే సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని క్యాంపు వాళ్లు ఆయన కోసం వెతుకుతున్నారని మా ఇంట్లో అనుకునేవారు. ఈ రెండూ నా చెవిన పడ్డవే... అది ముందే ఒప్పుకుంటున్నాను.

మర్నాటి నుంచి మా వాకిట్లో ఎడ్లను విప్పిన బండే మాకు గాలిమోటర్. బండి మాది కాబట్టి పైలట్‌ను నేనే అన్నాను. అట్లా కుదరదు, సినిమాలోలాగా గెలిచిన వాళ్లే ముందు కూర్చోవాలంది చంద్రమ్మ. కళ్లకు బట్ట కట్టుకుని, వినబడ్డ చప్పుడు ఎవరిదో చెప్పాలి. ఇక చూడండి... గంటలు వింటే ఎవరి ఎడ్లో చెప్పేది, దంచుడు వింటే ఎవరింటి రోకలో చెప్పేది. మూడు రోజులు వరుసగా తనే గెలిచింది. మా బండిలో నేను వెనక కూర్చోవాలా? మా నాయిన పటేల్ అయ్యుండి! కుళ్లుతో నాకు అన్నం కూడా సయించలేదు.

నాలుగోరోజు మా నాయిన అరుగు మీద క్యాంపు జమేదార్‌తో మాట్లాడుతున్నాడు. కళ్లకు బట్ట కట్టుకునే వంతు నాది. సాలెవాడ నుంచి మగ్గం చప్పుడు మొదలైంది. చంద్రమ్మ గబగబా నా చెయ్యి పట్టుకుంది.

"గది వద్దు... ఇంకో చప్పుడు చెప్పు."

ఓడిపోతానని భయపడుతోందనుకున్నాను. మగ్గం మీద ఆడమనిషి చెయ్యి ఒక తీరు పడుతుంది, మగమనిషి చెయ్యి ఒక తీరు. మగ్గాల వాడ పక్కన పుట్టిన పిల్లలకు అది ఒకరు నేర్పాల్సిన పని లేదు. నాకు తెలిసిపోయింది. గొంతు చించుకుని అరిచాను.

"గది మీ బాపు నేస్తున్న చప్పుడు! మీ అమ్మది కాదు!"

బట్ట విప్పేసరికి చంద్రమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. జమేదార్‌కు తెలుగు రాదు. పిల్ల ఏమంటోందని నాయినను ఉర్దూలో అడిగాడు. నాయిన సాలెవాడ వైపు ఒకసారి చూసి... చెప్పాడు. ఎందుకు చెప్పావని ఆయన పోయేదాకా నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

పెళ్లానికి జ్వరమొచ్చిందని, మగ్గం మీదున్న చీర దించకపోతే ఇంట్లో గింజలు లేవని గుట్టల్లోంచి వచ్చాడట ఆ మనిషి. చేతులు వెనక్కి విరిచి కట్టి, మా వాకిలి ముందు నుంచే తీసుకుపోయారు. చంద్రమ్మ ఏడవలేదు. నా వైపు చూసి మెల్లగా అంది.

"నువ్వే గెలిచినవ్... పోయి ముందల కూసో."

రెండు వానాకాలాలు దాటాక ఆయన తిరిగొచ్చాడు. కుడి చెయ్యి భుజం పైకి లేవలేదు. ఇక మగ్గమెక్కలేదు. ఇల్లు అమ్ముకుని అందరూ షాద్‌నగర్ వైపు వెళ్లిపోయారు.

తెలిసి అన్నానా, తెలియక అన్నానా... నన్ను నేను అడగని ఏడు లేదు. ఆ నిమిషంలో నాకు కనబడింది బండి ముందరి నొగ మీది జాగా ఒక్కటే. పాడు బుద్ధి... ఇంకేమనను!

నడివయసులో ఒక పెళ్లిలో కనబడింది చంద్రమ్మ. తనే గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. పిల్లలెందరు, పానం మంచిగుందా అని అడిగింది. నా తప్పేనే అనే మాట గొంతుదాకా వచ్చింది. కానీ నోట్లోంచి "అన్నం తిన్నవా?" అని వచ్చింది... తిన్నానని తలూపి, కాసేపు నా మొహంలోకి చూసింది. ఇంకేమైనా అంటానేమోనని ఆగినట్టే అనిపించింది. నేను వక్కపొడి తీసి పెట్టాను. తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు మా మునిమనవలు పొద్దున కొట్లాడి, సాయంత్రానికి ఒకే పళ్లెంలో తింటున్నారు. పిల్లల మాటకు మనిషిని పట్టుకుపోయే రోజులు కావివి... అంతవరకు సంతోషమే. ఈ నాలుగు ముక్కలు నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో కొడుతోంది. మీ చిన్ననాటి సంగతులు కింద రాయండి, చదివించుకుని వింటాను. కానీ ఎవరికైనా చెప్పాల్సిన తప్పు మిగిలి ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... వెళ్లి వాళ్లకే చెప్పండి. నేను ఇక్కడ రాయిస్తున్నానంటే, వినాల్సిన మనిషి పోయిన నెల పోయింది కాబట్టి...