ఉస్తాద్ ఉంగరంలోని ఆకుపచ్చ ఫిరోజా

మొన్న శుక్రవారం పొద్దున చిలకలగూడ నుంచి ఉస్తాద్ అల్లుడు మా దుకాణానికి వచ్చాడు. సైకిలు దిగలేదు. ఒక కాలు మెట్టు మీద ఆనించి, "మామ పోయిండు కాకా. ఫజర్ నమాజుకు లేపుదామని పోతే లేవలే" అన్నాడు. ఉన్నపళంగా బయల్దేరాను. మసీదు దాకా పోయాక గానీ చేతిలో పట్టకారు ఉన్నట్టు చూసుకోలేదు.

ఉస్తాద్ నగల్లో రాళ్ళు పొదిగేవాడు. నేను బంగారం, వెండి పనివాణ్ణి. జనరల్ బజారు వెనక సందులో మా దుకాణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మధ్య గోడకు చేయి పట్టేంత కిటికీ. పాత నగ ఏదైనా ముందు ఆయన దగ్గరికే పోయేది. ఆయన రాయి ఊడదీసి వట్టి నగను కిటికీలోంచి ఇచ్చేవాడు. నేను అతికి, మెరుగుపెట్టి తిరిగి ఇస్తే మళ్ళీ రాయి కూర్చోబెట్టేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా అట్లాగే సాగింది. నేను మాట్లాడేది తక్కువ. నా వంతు కూడా ఆయనే మాట్లాడేవాడు.

అన్ని రాళ్ళలో ఆయనకు ప్రాణం ఫిరోజా. మీలో ఎవరింట్లోనైనా పాత ఫిరోజా నగ ఉంటే తీసి చూడండి. కెంపులాగా మెరవదు, పచ్చలాగా లోతు చూపదు. వాన వెలిసిన పొద్దుటి ఆకాశం ముక్క ఒకటి గట్టిపడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. కొన్నింటిలో సన్నటి నల్లటి గీతలుంటాయి. ఇరాన్ దేశంలో నిశాపూర్ అనే చోట గనిలో దొరుకుతుందని, ఓడ మీద బొంబాయికి, అక్కడి నుంచి మనకు వస్తుందని ఆయనే చెప్పాడు. నవాబుల ఇళ్ళలో ముత్యాల పక్కన బంగారంలో పొదిగారు. మామూలు వాళ్ళు వెండి ఉంగరంలో పెట్టుకున్నారు.

ఆయన రాయిని అరచేతిలో ఎప్పుడూ పెట్టుకోలేదు. చెమటకు పాడవుతుందని మణికట్టు వెనక పెట్టి చూసేవాడు. ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువసేపు చూసేవాడు. వెనక అంటుకున్న పాత లక్క రంగులను బట్టి ఆ రాయి ఎన్ని నగలు మారిందో చెప్పేవాడు. "ఇది మూడిండ్లు మారింది తమ్మీ. మొదాల తలపాగా మీదుండె. అటెన్క దండకడియంల కూసుంది. ఇగ ఇప్పుడు చెవుల కమ్మలకొచ్చింది. మనకంటె ఎక్కువ లోకం చూసింది" అనేవాడు.

ఆయన వేలికి కూడా ఒక ఫిరోజా ఉండేది. ఆయనకు పని నేర్పిన గురువు, అంటే ఆయన ఉస్తాద్, ఇచ్చిన ఉంగరం. అంత మంచి నీలం నేను మళ్ళీ చూడలేదు. ఆ చేతికి అత్తరు తగలనిచ్చేవాడు కాదు.

రాయి పొదిగి ఇచ్చేటప్పుడు ఆయన ఒక మాట చెప్పేవాడు. "ఫిరోజా మనకు మనం కొనుక్కునేది కాదు, మనసైనోళ్ళు ఇయ్యాలె. ఇచ్చినోళ్ళకు ఆపదొస్తే రాయి రంగు మారుతది." అందరూ నమ్మేవాళ్ళు. ఆ మాట కోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు.

పోలీసు యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్ళకు మెట్టుగూడ నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త రైల్వేలో ఫిట్టర్. గడబిడకు ముందు బీదర్ దిక్కున అక్క ఊరికి పోయినవాడు తిరిగి రాలేదు, ఉత్తరం లేదు. ఆమె చిక్కిపోయింది. భర్త ఇచ్చిన ఫిరోజా ఉంగరం వేలికి నిలవడం లేదు. ఆ రోజుల్లో భయం కొద్దీ ఉస్తాద్ ఇల్లు కదలడం లేదు, దుకాణం మూసి ఉంది. బిగించి ఇమ్మని నాకే ఇచ్చింది.

బిగించాను. వెండి నల్లబడి ఉంది. నల్లగా ఎందుకివ్వాలని, మిగతా నగలతో పాటు కుంకుడుకాయలు, చింతపండు వేసి మరిగించే కుండలో వేశాను. ఇరవై ఏళ్ళలో ఏ నగా రాయితో నా చేతికి రాలేదు. మరిగితే ఫిరోజా పాడవుతుందని నాకు తెలియలేదు. తీసేసరికి నీలం పోయి పాచి రంగు వచ్చింది.

ఉంగరం తీసుకుని చిలకలగూడ పరిగెత్తాను. ఉస్తాద్ దాన్ని మణికట్టు వెనక పెట్టి వెలుతురుకు తిప్పి చూశాడు.

"నీ దగ్గరున్న నీలం రాయి ఇంకోటి పెట్టేద్దాం. ఆమెకేం తెలుస్తది" అన్నాను.

"రోజూ చూసుకునే రాయి, గుర్తువడ్తది. మనల్ని దొంగలనుకుంటే అనుకోనీ. మొగడు పోయిండు, రాయి రంగు మారింది, గందుకే దాస్తున్నరు అనుకుంటే?"

మర్నాడు ఆయన దుకాణం తెరిచాడు. నాకోసమే తెరిచాడు. ఆమె వచ్చింది. ఆయన ఉంగరం మణికట్టు వెనక పెట్టి చూపాడు. ఆమె మెట్టు మీద కూలబడింది.

"బిడ్డా, జెర ఆగు. ఇది కుంకుడు రసంల పడ్డది, గంతే."

"నువ్వే చెప్పినవ్ గద చాచా, రంగు ఎందుకు మారుతదో. ఇప్పుడు నా పానం నిమ్మళం చేసెతందుకు అబద్ధమాడకు."

ఉస్తాద్ తన వేలి ఉంగరం తీశాడు. "తమ్మీ, నీ కుండ పెట్టు. నిన్న ఎట్ల చేసినవో గట్లనే చెయ్యి."

పెట్టాను. మంచి రాయి తొందరగా రంగు వదలదు. ఆయన రాయి ఆమె రాయి కంటే ఎంతో మంచిది. అది చెక్కుచెదరకుండా బయటికి వస్తే ఆమె ఇంక ఎవరి మాటా వినదు. ఒకసారి తీసి చూశాడు. నీలంగానే ఉంది. "ఇంక జెర చింతపండు వెయ్యి" అన్నాడు. మధ్యాహ్నం జొహర్ నమాజుకు పోయి వచ్చాడు. ఆమె కదలలేదు. తన ఉంగరం పాడు కావాలని కోరుకున్న మనిషిని నేను ఆ ఒక్కరోజే చూశాను.

మళ్ళీ తీసినప్పుడు అంచున మొదలైన పచ్చదనం మధ్య దాకా పాకింది. రెండు ఉంగరాలూ మణికట్టు మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడు బిడ్డా. నాకిది ఇచ్చిన మా ఉస్తాద్ మట్టిల కలిసి పదిహేనేండ్లాయె. ఆయనకు ఇంకేం ఆపదొస్తది?"

ఆమె ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. పోయేటప్పుడు ఉంగరం పెట్టుకునే పోయింది.

చలికాలం చివర ఆమె భర్త వచ్చాడు. గడ్డం పెరిగి, సగమైపోయి ఉన్నాడు. ఇద్దరూ కలిసి దుకాణానికి వస్తే సంతోషం పట్టలేక, "రాయి కాపాడింది" అన్నాను. ఉస్తాద్ నా వైపు చూసి, "ఊకో తమ్మీ. ఆయన నడిచి నడిచి వచ్చిండు. రాయేం జేసింది?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన రంగు మారే మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే తన ఉంగరం చూపి, "చింతపండుకు మారుతది, సబ్బుకు మారుతది, అత్తరుకు మారుతది. మీ పానానికేం కాదు" అనేవాడు. అది విని రాయి తీసుకోకుండా వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఆయన పిలవలేదు. నన్ను మాత్రం, పోయేదాకా ఈ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కుండ పేరెత్తి ఏమీ అనలేదు. కొత్త రాయి పెట్టుకోమంటే, "ఇదే మంచిగున్నది" అన్నాడు.

ఆఖరి స్నానం చేయించే ముందు ఆయన ఉంగరం తీశారట. మూడో రోజు ఆయన భార్య దూదిలో చుట్టి అల్లుడితో పంపింది. "నీకే ఇయ్యమన్నడు" అని మాత్రం చెప్పించింది. నా వేలికి కాస్త వదులు. బిగించలేదు.

పొద్దున కుంకుడు నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు తీసి మధ్య కిటికీలో పెడుతున్నాను. ఆ రాయిలో పాడవడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా తీసి పెడుతున్నాను. అవతలి దుకాణం తలుపు సందులోంచి కాసేపు ఎండ వస్తుంది. అప్పుడు ఆ ఆకుపచ్చలో, ఒక మూల, ఆవగింజంత నీలం కనిపిస్తుంది.