ఆయన బండికి నేను వేయించిన బ్యాటరీ

మొన్న పొద్దున మా అమ్మాయి స్కూటీ స్టార్టు కాలేదు. బటన్ నొక్కితే లోపల ఎక్కడో టిక్కుటిక్కుమంటుందే తప్ప బండిలో కదలిక లేదు. ఆఫీసుకు టైమైపోతోందని తను ఫోనులో ఏదో నొక్కి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి ఒకతను భుజాన సంచితో వచ్చి, హనుమకొండలోని మా ఇంటి గేటు ముందే స్కూటీ మూత విప్పి, ఒక నల్లటి డబ్బా తీసి ఇంకో నల్లటి డబ్బా పెట్టి, నేను చాయ్ మరిగించేలోగా పని ముగించేశాడు. దీంట్లో నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోయాలని అడిగితే, నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు.

"దీనికి నీళ్ళు పోసుడే ఉండదమ్మా, మొత్తం సీలే. పోయినప్పుడు ఫోన్ కొట్టుండ్రి, మార్చేస్త" అని, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక కూడా నేను చాలాసేపు గేటు దగ్గరే నిలబడిపోయాను. మన కాలంలో బ్యాటరీ కొనడంతో పని అయిపోయేది కాదు, కొన్నాక మొదలయ్యేది. ఆ సంగతి నాకు నేర్పింది ఏ మెకానిక్కూ కాదు, నా సంసారంలో వచ్చిన ఒక పాడుకాలం.

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. దుకాణం లేదు. ఒక వంద సీసీ మోటారుసైకిలు, దాని పక్కన వేలాడే తోలు సంచీలో పానాలు, సూదులు, నూనె డబ్బా, అంతే ఆయన ఆస్తి. పొద్దున బయలుదేరితే ఒకరోజు ధర్మసాగర్ వైపు, ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ వైపు, వారానికోసారి మరిపెడ దాకా వెళ్ళి, ఆగిపోయిన మిషన్లను నడిపించి వచ్చేవారు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఇద్దరి సంపాదనతో రోజులు బాగానే గడిచిపోతున్నాయనుకుంటున్న సమయంలో, మా అమ్మాయి ఇంకా చిన్న తరగతుల్లో ఉండగానే, ఒక ఉదయం ఆయన చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. దవాఖానకు తీసుకుపోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు రెండూ పట్టు తప్పాయి, మాట కూడా పోయింది. పక్షవాతం అన్నారు.

మాట తొందరగానే తిరిగి వచ్చింది. కాలు కూడా కర్ర సాయంతో ఈడ్చుకుంటూ నడిచేటంత వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు, తాకినా తెలిసేది కాదు. నలభై ఏళ్ళు నిండని మనిషి మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉంటే, ఇంట్లో పెద్దగా మాట్లాడటానికి కూడా మాకు జంకుగా ఉండేది. మోటారుసైకిలు నెలల తరబడి రేకుల కింద దుమ్ము పట్టి నిలబడి ఉంది. మా మరిది వచ్చినప్పుడల్లా దాన్ని అమ్మేద్దామనేవాడు. అతని మాటలో తప్పు లేదు. కానీ బండి అమ్మేస్తే ఆయన ఇక లేవరని నాకెందుకో గట్టిగా అనిపించేది.

సైకిలు తొక్కడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆ ధైర్యంతో ఒకరోజు మరిదితో, ఆ బండి నాకు నేర్పమన్నాను. అతను నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. అడ్డం పడింది మా అత్తమ్మ.

"ఆడిది మొగన్ని ఎనుక కూసోవెట్టుకొని ఊర్లు తిరుగుతదా? నలుగురు ఏమనుకుంటరే" అంది.

"నలుగురు తెచ్చి పెడుతలేరు గదా అత్తమ్మా" అన్నాను. అలా ఎదురు మాట్లాడటం నాకదే మొదటిసారి. ఆవిడ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు, కానీ నేను బండి నేర్చుకుంటున్నంతసేపు మా అమ్మాయిని మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకునేది.

బండి కిక్కు కొడితే స్టార్టయింది గానీ హారను మోగలేదు, పక్క లైట్లు వెలగలేదు. నెలల తరబడి కదలకుండా ఉండటంతో బ్యాటరీ చచ్చిపోయింది. రైల్వేస్టేషన్ దగ్గర బ్యాటరీలు చార్జింగు పెట్టే ఒక భాయ్ ఉండేవాడు. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి, లోపలి ప్లేట్లు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయని చూపించాడు. కొత్తదైనా కొనాలి, లేదా పాత డబ్బాలోనే ప్లేట్లు మార్చి ఇస్తానన్నాడు. ఎలాగూ అమ్మే బండే కదా అని మరిది ప్లేట్లు మార్పించాడు. అప్పట్లో మాకు అదే అందుబాటులో ఉన్న దారి కూడా.

పంజాబీ డ్రెస్సు వేసుకుని, ఆయన పాత పంచెను ఆయన నడుముకూ నా నడుముకూ చుట్టి ముడివేసి, ఊళ్ళకు బయలుదేరాను. ఆయన ఎడమ చేత్తో నా భుజం పట్టుకునేవారు. ఊళ్ళో మిషను ముందు నేను కూర్చుంటే, ఆయన పక్కన కూర్చుని ఏ మర విప్పాలో, ఎక్కడ నూనె వేయాలో చెప్పేవారు. చెప్పేటప్పుడు మామూలుగానే ఉండేవారు. దారిలో మాత్రం మాట్లాడేవారు కాదు. ఎదురుగా ఎవరైనా వచ్చి మమ్మల్ని చూసి నవ్వితే, నా భుజం మీద ఆయన వేళ్ళు బిగుసుకునేవి. ఆ సిగ్గును ఎలా తీసేయాలో నాకు తెలియలేదు. ఏం మాట్లాడినా తప్పుగా వినబడుతుందేమోనని నేనూ నోరు మూసుకునేదాన్ని.

ప్లేట్లు మార్చిన బ్యాటరీ ఎంతో కాలం నిలవలేదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మధ్యాహ్నం తిరిగి వస్తుండగా, ఒక పొలం బాటలోంచి గడ్డి ట్రాక్టరు వెనక్కి వెనక్కి రోడ్డు మీదకు వచ్చేసింది. పొద్దున్నే మోగిన హారను నేను ఎంత నొక్కినా మోగలేదు. డ్రైవరుకు మేమున్నట్టే తెలియదు. బ్రేకు వేసి పక్కకు తిప్పాను, కంకర మీద చక్రం జారింది, కట్టుకున్న పంచెతో సహా ఇద్దరం కుడివైపుకు పడిపోయాం. నాకు మోచేతులు గీసుకుపోయాయి. ముడి విప్పుకుని లేచి చూస్తే, ఆయన కుడి చెయ్యి కాలుతున్న సైలెన్సరు కింద ఉంది. ఆయన మాత్రం నా వైపే చూస్తూ, "నీకేం కాలే గదా" అని అడుగుతున్నారు. చెయ్యి కాలుతోందని ఆయనకు తెలియనే లేదు.

ట్రాక్టరు మనుషులు పరుగెత్తుకొచ్చి బండి ఎత్తారు. దవాఖానలో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక, ఆయన చాలాసేపు ఆ చెయ్యినే చూసుకుంటూ కూర్చున్నారు.

"నా చెయ్యి నాకే ఎరుకలేదు. ఇగ నాతోని కాదు. బండి అమ్మెయ్" అన్నారు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం పెడితే తినేవారు, అడిగితే తలూపేవారు, అంతే. మా అమ్మాయి బడి నుంచి వచ్చి నాన్న పక్కన కూర్చుని, ఏం చెప్పాలో తెలియక పుస్తకం తెరిచి పైకి చదువుకునేది.

బండి అమ్మకూడదనుకుంటే ముందు బ్యాటరీ మార్చాలి. మరొకరిని పంపకుండా నేనే పాత బ్యాటరీని గోనెసంచిలో పెట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళాను. తోడొచ్చిన మరిది, పెద్ద బ్యాటరీ అయితే ఎక్కువ రోజులొస్తుందేమో అన్నాడు. అది బండి పక్కనున్న పెట్టెలో పట్టదు, పైగా ఈ బండి దాన్ని పూర్తిగా చార్జి చేయలేదని భాయ్ చెప్పాడు. పాతదాన్ని పక్కన పెట్టి, అంతే ఓల్టులు, అంతే సైజు, ప్లస్సు మైనస్సులు అటువైపే ఉన్నదాన్ని ఎంచుకున్నాం. అతను అందులో యాసిడ్ పోశాడు. మరునాడు మరిపెడలో ఒకామెకు వస్తామని మాట ఇచ్చి ఉండటంతో, వెంటనే తీసుకుపోవచ్చా అని అడిగాను.

"తీస్కపోతే తీస్కపో అక్కా, నడుస్తది. గని మొదటి చార్జింగు నిదానంగ ఎక్కాలె. ఇప్పుడు జల్ది చేస్తే ఆర్నెల్లకే నా దగ్గరికొస్తవు. రేపటిదాంక ఉంచు" అన్నాడు. మరిపెడ ఆమెకు కబురు పంపి, బ్యాటరీ అక్కడే వదిలి వచ్చాను.

మరునాడు దాన్ని తెచ్చాక మరిది డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేనే పానా పట్టుకుని రేకుల కింద కూర్చున్నాను. నల్ల వైరు చేతిలోకి తీసుకుని బిగించబోతుంటే, లోపలి నుంచి మాట వినబడింది.

"ముందుగాల ఎర్రది."

నల్ల వైరు వదిలేశాను. ఆ పడ్డ రోజు తర్వాత ఆయన తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"ఎర్ర వైరు ముందు బిగియ్యి. నల్లది ఆఖరికి. ఇప్పేటప్పుడు నల్లది ముందు. ఆ పక్కకు సన్నటి పైపుంటది, అది మడత పడకుంట కిందికి ఇడువు, లేకుంటె యాసిడ్ చైను మీద పడ్తది."

చెబుతూ చెబుతూనే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. కర్ర ఆనించి పీట మీద కూర్చున్నారు. నేను బిగించి లేచి హారను నొక్కాను. అది గట్టిగా మోగింది. వంటింట్లోంచి అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. కొడుకు బయట కూర్చుని ఉండటం చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"రేపు మరిపెడకు పోదామా" అని అడిగాను.

"పోదాం. జర నిదానంగ నడుపు" అన్నారు.

ఆ తర్వాత ఆదివారం పూట ఇద్దరం ఆ బండి ముందు కూర్చునేవాళ్ళం. నేను మూతలు విప్పితే ఆయన వంగి లోపలికి చూసేవారు. లోపలి నీళ్ళు డబ్బా మీది పై గీతకు కిందుంటే, దుకాణంలో కొన్న బ్యాటరీ నీళ్ళు పోసేదాన్ని, నల్లా నీళ్ళు ఒక్క చుక్క కూడా పోయనిచ్చేవారు కాదు. వైర్ల చివర పచ్చగా పొడి పడితే తినేసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వాసెలిన్ రాసేదాన్ని. పనిలేని వానాకాలం రోజుల్లో కూడా, ఊరికే నిలబెడితే పాడవుతుందని, వీధి చివరి దాకా ఒక చుట్టు తిరిగి రమ్మనేవారు. ఆ వంకతో తనూ ఎక్కేవారు. ఒక్కోసారి దారిలో మాట్లాడేవారు కూడా. ఆ బ్యాటరీ మూడేళ్ళు దాటి వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి కొన్నాం. అది పూర్తిగా పాడవకముందే ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది, ఈసారి దవాఖాన నుంచి తిరిగి రాలేదు. నేను ఒక్కదాన్నే కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగాను. ఊళ్ళలో రెడీమేడ్ బట్టలు పెరిగి, మిషన్లు మూలకు చేరి, పిలిచేవాళ్ళు తగ్గిపోయాక, బండిని మరిదికే ఇచ్చేశాను.

పోయిన నెల ఒక పెళ్ళికి నేనూ అమ్మాయీ అద్దె కారులో మరిపెడ మీదుగా వెళ్ళాం. రోడ్డు వెడల్పయి, చెట్లు పోయి, మేము నీడకు ఆగిన చోట్లేవీ గుర్తుపట్టలేకపోయాను. ఒక్క ఇల్లు మాత్రం పోల్చుకున్నాను. ఆ ఇంటావిడ మేమెప్పుడు వెళ్ళినా, ముందు ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి అంబలి ఇచ్చి, ఆ తర్వాతే మిషను చూపించేది. ఇప్పుడు ఆ అరుగు పక్కన కుట్టుమిషను ఇనుప స్టాండు ఒక్కటే ఉంది. దాని మీద పలక వేసి పూలకుండీలు పెట్టారు. లోపల ఎవరో పిల్లలు టీవీ చూస్తున్నారు. దిగుతావా అమ్మా అని అమ్మాయి కారు ఆపించింది. ఒకప్పుడు ఆ వాకిట్లో మా బండి ఆగితే పక్కిళ్ళ వాళ్ళు కూడా బయటికి వచ్చేవారు, నేనెవరో ఎవరికీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు దిగితే ఆ పిల్లలకు నేనెవరినని చెప్పుకోవాలో ఎంత ఆలోచించినా తోచలేదు. పోనీలే, ఆలస్యమవుతోంది, పద అన్నాను.