సికింద్రాబాద్‌లో కడిగిన రాళ్లు

కెనడాలో, హాలిఫాక్స్ ఫెర్రీలో పక్కన కూర్చున్న తెల్ల ముసలాయన మాది ఏ ఊరని అడిగాడు. సికింద్రాబాద్ అన్నాను.

"మా తాతగారి తాత ఐర్లాండ్ నుంచి బ్రిటిష్ సైన్యంలో చేరి ఇరవై ఏళ్లు అక్కడే చేశాడు. రిటైరయ్యాక ఇక్కడ భూమి ఇస్తే వచ్చి, అడవి కొట్టి సేద్యం చేశాడు. నాలుగేళ్ల కూతురి సమాధి మాత్రం మీ ఊళ్లో ఉండిపోయింది. అక్కడికి ఎవరైనా వెళ్తారా?"

ఆ సిపాయిల పాత సమాధులు మా ఇంటి వెనకే. అమ్మ ఆ చదును రాళ్లను శుభ్రంగా కడిగి, వాటి మీద వడియాలు పెట్టేది.

"ఏటా ఎండాకాలం మా అమ్మ వెళ్తుంది. రాళ్లు కడుగుతుంది," అన్నాను.

ఆయన టోపీ తీశాడు. "అమ్మకు నా థాంక్స్ చెప్పండి."

చెప్తానన్నాను. అమ్మ పోయి ఆ రోజుకి తొమ్మిది రోజులు. నేను ఇంటికి వెళ్లలేదు.