మా వదిన చెప్పిన సీరియల్

గురువారం పొద్దున్న ఢిల్లీ ద్వారకాలో మా బాల్కనీలో కూర్చుని పేపరు రెండోసారి తిరగేస్తుంటే మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, చూశారా? మన పాత సీరియల్ రీయూనియన్ వస్తోంది! సబ్ లోగ్ ఆ రహే హై, అందరూ, ఆ అత్తగారు కూడా! సండే అందరం మా ఇంట్లో చూద్దాం. నాన్నమ్మ కోసం తెలుగు ఆడియో కూడా ఉంది, యాప్‌లో చెక్ చేశాను" అని ఒక్క ఊపిరిలో చెప్పి పెట్టేసింది. సంతోషించాల్సిన కబురే. కానీ ఆ చివరి మాట విన్నాక నాకు పేపరులో అక్షరం కనబడలేదు. ఆ సీరియల్‌ని తెలుగులో వినకూడని మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ మా అమ్మ. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, మా వదినా. పది నిమిషాలు తిరక్కుండానే వదిన ఫోను వచ్చింది. "విన్నావా?" అంది. విన్నానన్నాను. "ఏం చేద్దాం?" అంది. ముప్పై అయిదేళ్ళు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, ఎందరో పై అధికారులతో నెగ్గుకొచ్చి రిటైరైన మనిషి గొంతులో అంత బెదురు నేను ఎప్పుడూ వినలేదు.

ఈ రీయూనియన్ల వ్యవహారం ఈ మధ్య బాగా ఎక్కువైంది. ఒకప్పుడు మనల్ని నవ్వించినవాళ్ళని వెతికి పట్టుకొచ్చి, పాత సెట్టు మళ్ళీ వేసి, అదే రంగు సోఫాలో కూర్చోబెడతారు. వాళ్ళు ఒకరి జుట్టు చూసి ఒకరు నవ్వుతారు. పోయినవాళ్ళ ఫొటో వేయగానే అందరూ కళ్ళు తుడుచుకుంటారు. చివర్లో కొత్త భాగాలు వస్తున్నాయని ప్రకటన. నేను ఇలాంటివి రెండు మూడు చూశాను. చూస్తున్నంతసేపూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. బడిలో చదువుకున్నప్పటి స్నేహితుణ్ని రైల్లో చూసి, పలకరించాలా, కిటికీలోంచి బయటకు చూడాలా అని తేల్చుకోలేని ఇబ్బంది అది. పైగా ఈ సీరియల్ టేపులు పాడైపోయాయని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు, ఒక్కసారి కూడా తిరిగి వేయలేదు. ఆ ధీమాతోనే మేమిద్దరం ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాం. ఇప్పుడు ఎక్కడో దొరికాయట, శుభ్రం చేశారట, అన్ని భాషల్లోకీ మార్చారట.

అప్పట్లో మేమంతా ఆర్.కె. పురంలో అన్నయ్యకిచ్చిన క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వరండా, వరండాకి కన్నాల సిమెంటు జాలీ. వేసవిలో కూలర్ మోతకి పక్కనున్నవాళ్ళ మాట వినబడేది కాదు. నాన్న పోయాక అమ్మ గుడివాడ నుంచి వచ్చి మాతో ఉంటోంది. వదిన కొత్త కోడలు. నేను ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ ఆఫీసులో ఉప సంపాదకుణ్ని, పెళ్ళికానివాణ్ని, కాబట్టి వరండాలో మడతమంచం నాది. ఉన్నది ఒక్కటే ప్రభుత్వ చానల్. బుధవారం సాయంత్రం ఆ హిందీ హాస్య సీరియల్ వచ్చేది. నా వారపు సెలవు కూడా ఖర్మకాలి బుధవారమే. అన్నయ్య ఆ వేళకి ఆఫీసువాళ్ళు మాట్లాడుకున్న చార్టర్డ్ బస్సులోనో, కాలనీ క్లబ్బులో పేకాట దగ్గరో ఉండేవాడు.

అమ్మకి హిందీ రాదు. ఇన్నేళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి రాలేదు. అందుకని వదిన టీవీ పక్కన కింద కూర్చుని, చిక్కుళ్ళు ఒలుస్తూ, ఎప్పటి మాట అప్పుడే తెలుగులో చెప్పేది. వదినకి కూడా అప్పటికి హిందీ వచ్చి ఆరు నెలలే. అర్థమైనంత మేర చెప్పి, కానిచోట సొంతంగా అల్లేది. అల్లిన చోటే అమ్మ ఎక్కువ నవ్వేది. నేనేమో రోజంతా ఏజెన్సీ వార్తల్ని తెలుగులోకి దించే మనిషిని. ఒక్క మాట తప్పు పోతే మర్నాడు సవరణ వేసుకోవాల్సిన ఉద్యోగం. మొదట్లో నా నోరు ఊరుకునేది కాదు. "వదినా, ఆయన అన్నది అది కాదు" అనబోతే, ఆవిడ నా వైపు చూసే చూపుకి నోరు మూతపడేది.

సీరియల్ కథ చిన్నది. ఒక అత్త, ఒక కోడలు, మా ఇల్లులాంటి ఇల్లు. కోడలికి ఉద్యోగం చేయాలని. ప్రతివారం ఒక ఉపాయం పన్నుతుంది, ప్రతివారం అత్త దాన్ని చెడగొడుతుంది, వెనకనుంచి ఎవరో గలగలా నవ్వుతారు. దేశమంతా చూసింది ఇదీ. మా ఇంట్లో అమ్మ చూసింది వేరు.

ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే వదిన పెళ్ళికి ముందు రాసిన గుమాస్తా పరీక్ష ఫలితం వచ్చింది. ఒక మంత్రిత్వశాఖలో చేరమని కాగితం, నెల రోజుల గడువు. అమ్మ ససేమిరా అంది. "కోడలు బస్సులు పట్టుకు వేలాడుతోందంటే గుడివాడలో నేను మొహం ఎక్కడ పెట్టుకోను?" అని ఒకటే మాట. అన్నయ్య ఇద్దరి మధ్యా పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వదిన వాదించలేదు, ఏడవలేదు. బుధవారం కోసం చూసింది.

ఆ బుధవారం తెరమీద అత్త కోడలి ఇంటర్వ్యూ కాగితాన్ని దొంగచాటుగా బియ్యం డబ్బాలో దాచింది. "భద్రంగా ఉంటుందని ధాన్యంలో పెడుతోంది అత్తయ్యా, శుభం కదా" అంది వదిన.  ఆ తర్వాతి వారం అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి కేకలు పెట్టింది. "జాగ్రత్తగా వెళ్ళిరా, బస్సు కదులుతుండగా ఎక్కకు అంటోంది" అంది వదిన. అమ్మకి అనుమానం వచ్చింది. "మరి అలా అరుస్తుందేమే?" అని అడిగింది. "వాళ్ళ ప్రేమ అంతేనత్తయ్యా, గట్టిగా ఉంటుంది. మన పక్కింటి ఆంటీ వాళ్ళబ్బాయిని అన్నానికి ఎలా పిలుస్తుందో చూడండి" అంది వదిన. పక్కింటి పంజాబీ ఆవిడ అన్నానికి పిలిస్తే మూడు బ్లాకుల పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. అమ్మ తల ఊపింది. మూడో వారం అత్త కోడలి చేతిలో టిఫిన్ డబ్బా లాక్కుని వంటింట్లో పడేసింది. ఆవిడ డబ్బా స్వయంగా సర్దుతానంటోందని వదిన చెప్పింది. ఆ వేళ నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. లోపల కూర్చోలేకపోయాను, బయట నిలబడనూ లేకపోయాను. జాలీలోంచి రోడ్డు చూస్తూ అటూ ఇటూ పచార్లు చేశాను. గడువు ఇంకా అయిదు రోజులు ఉంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అంది: "ఆ టీవీ ఆవిడే పంపినప్పుడు నేనేం తక్కువ తిన్నానా? వెళ్ళమను." సోమవారం పొద్దున్న వదినకి డబ్బా అమ్మే కట్టింది. పులిహోర, కొంచెం పెరుగన్నం.

అంతటితో అయిపోతే బాగుండేది. సీరియల్ ఇంకో ఏడాదిన్నర నడిచింది. వదిన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, టీవీ ముందు కూర్చుని, తెరమీద ఉద్యోగమే లేని కోడలికి ఆఫీసు కథ నడపాల్సి వచ్చేది. ఆ కోడలికి ఒక కోపిష్టి ఆఫీసరు, ఒక మంచి స్నేహితురాలు, ఒక ప్రమోషన్. అన్నీ వదిన కల్పనే. అమ్మ వారమంతా ఆ పిల్ల క్షేమం కోసం బెంగపడేది. పక్కింటి ఆంటీ, అమ్మా మెట్లమీద కూర్చుని సైగలతో ఆ సీరియల్ గురించి చెప్పుకుని చెరో కథకి కలిసి నవ్వుకునేవారు. నేను సవరణ వేయలేదు. నా వృత్తి జీవితంలో తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.

శుక్ర, శని వారాలు వదిన నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో లెక్కలేదు. "వైఫై తీసేయనా?" అంది ఒకసారి. మీ అమ్మాయి ఫోనుతో కలిపేస్తుందన్నాను. "తెలుగు ఆడియో బాగాలేదట, హిందీలోనే చూద్దామంటేనో?" అంది. అమ్మకి వినిపించడానికే ఇంత హడావిడి అని గుర్తుచేశాను. "ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. ఇప్పుడు నన్ను దొంగ అనుకుంటే ఎప్పటికి మరిచిపోతుంది?" అంది.  ఆదివారం ఆ ఆందోళనలో ద్వారకాలో నోయిడా వెళ్ళే మెట్రో ఎక్కేసి, దారి చీలే యమునా బ్యాంక్ దాటాక గాని చూసుకోలేదు. వెనక్కి వచ్చి వైశాలి బండి పట్టుకున్నాను. ఘాజియాబాద్‌లో అన్నయ్యవాళ్ళ ఫ్లాట్ చేరేసరికి అందరూ కూర్చున్నారు. అన్నయ్య మాత్రం యథాప్రకారం అపార్టుమెంటు సొసైటీ మీటింగ్‌కి వెళ్ళాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

మొదటి పావుగంట పాత నటుల కౌగిలింతలతో గడిచింది. అత్త వేషం వేసిన నటి చేతికర్రతో వచ్చింది. అమ్మ చేతులు జోడించి, "ఎంత చిక్కిపోయిందో మహాతల్లి" అంది. తర్వాత పాత ముక్కలు వేయడం మొదలుపెట్టారు. బియ్యం డబ్బా ముక్క వచ్చింది. అత్త కాగితం లోపలికి తోస్తూ శుభ్రమైన తెలుగులో అంది: "ఇది నీకు దొరికితే కదా నువ్వు ఉద్యోగానికి పోయేది! గుమ్మం దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను." వెనక నవ్వులు. మా అన్నయ్య కూతురు కూడా నవ్వింది.

"ఆపమ్మా," అంది అమ్మ. బొమ్మ ఆగింది. "ఆవిడ అలా అంటుందేమే?"

"నాన్నమ్మా, వహీ తో జోక్ థా, అదే కదా తమాషా! ఆవిడ ఎప్పుడూ వెళ్ళనివ్వదు కదా, యాప్‌లో రాశారు."

అమ్మ వదిన వైపు చూసింది, తర్వాత నా వైపు. "ఒరేయ్, పేపరువాడివి. నువ్వు చెప్పు. ఏది నిజం?"

నేను అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చాను. డబ్బింగువాళ్ళు కథ మార్చేశారు, ఈ రోజుల్లో ఇలాగే చేస్తున్నారు అని. నోరు తెరిచాను. నాకంటే ముందు వదిన అంది. "తెలుగు సరిగ్గానే చెప్పారత్తయ్యా. తప్పు చెప్పింది నేనే."

 "ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్ళలేదా?" అంది అమ్మ. లేదంది వదిన. "ఆవిడ డబ్బా కట్టలేదా?" లేదంది. అమ్మ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ మేం అనుకున్న దారిన రాలేదు.

"ఆవిడ నవ్వుతూ పంపుతోంది, నేను సణుక్కుంటూ పంపుతున్నాను అని ఎంత కుమిలిపోయానో మీకు తెలుసా? పరాయి ఆవిడకున్నపాటి మనసు నాకు లేకపోయిందేమని దేవుడి ముందు కూర్చుని లెంపలేసుకునేదాన్ని. నువ్వు బస్సెక్కిన ప్రతి పొద్దుటా! అసలు ఆవిడ పంపనే లేదూ?" అమ్మ వదిన వైపు తిరిగింది. "నన్ను తిన్నగా అడిగితే పోయేది కదే."

"అడిగితే పంపేవారా అత్తయ్యా?" వదిన మెల్లగా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు.

అమ్మ నిజంగానే ఆలోచించింది. ఆ క్వార్టర్‌లోకి, ఆ వయసులోకి వెళ్ళి చూసుకుని వచ్చినట్టుంది. "పంపేదాన్ని కాదు," అంది.

ఎవరూ బొమ్మ మళ్ళీ కదిలించలేదు. అన్నయ్య కూతురు రిమోట్ పట్టుకుని తల్లి మొహం, నాన్నమ్మ మొహం మార్చి మార్చి చూస్తోంది. నాకు లేచి ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించింది, కానీ ఆ ఫ్లాట్‌లో నా మడతమంచం వేసుకునే వరండా లేదు. టీ పెడతానని వదిన లోపలికి కదిలింది.

"అమ్మాయ్, ఇలా కూర్చో," అంది అమ్మ. వదిన వచ్చి సోఫా అంచున కూర్చుంది. "ఆ పిల్ల ఆఫీసు సంగతులు వారం వారం అడిగి చెప్పించుకున్నాను. నీ ఆఫీసు గురించి ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. ఆ మొదటి సోమవారం అక్కడ ఏమైంది?"

వదిన వేలికి చుట్టుకున్న కొంగు విప్పింది. తర్వాత, ఫైళ్ళ గదిలో తనకి కుర్చీ లేకపోతే మధ్యాహ్నం దాకా కిటికీ పక్కన నిలబెట్టిన సంగతితో మొదలుపెట్టింది. అమ్మ మధ్యలో "ఎవడా వెధవ?" అంది. తెరమీద పాత నటులు నోళ్ళు తెరుచుకుని అలాగే ఆగిపోయి ఉన్నారు. వదిన ఆ ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు పనిచేసింది. ఆ సాయంత్రం మేం లేచేవేళకి, అమ్మకి చెప్పినదాంట్లో ఇంకా మొదటి సోమవారమే పూర్తికాలేదు. మనుషులు వెనక్కి వెళ్ళి కలుసుకోవడానికి ఏ సెట్టూ అక్కర్లేదు గాని, కాలం మాత్రం కొంచెం మిగిలి ఉండాలి.